రావలసినది, చేరినది

థర్డియర్ మొదలైన కొత్తల్లో, 2024 జూలైలో, మెస్ బిల్లు కోసం నాన్న పంపిన 12,000 రూపాయలు పెట్టి నేను ఒక కంపెనీ షేర్లు 30 కొన్నాను. ఆ కంపెనీ షేరుకు 20 రూపాయల డివిడెండు ఇస్తోందని, రేపటికి షేరు మన పేరు మీద ఉంటే చాలని ఒక రీల్‌లో చూశాను. లెక్క చాలా తేలిగ్గా కనిపించింది. ఇవాళ 400కి కొంటాను, రేపు 400కే అమ్మేస్తాను, మధ్యలో 600 రూపాయలు ఊరికే వస్తాయి. ఇంత సులువైన పని మా రూమ్మేట్లు ఎందుకు చేయడం లేదా అని వాళ్ల మీద జాలి కూడా పడ్డాను.

మర్నాడు పొద్దున 9.15కి మార్కెట్ తెరిచేసరికి ఆ షేరు 381 దగ్గరుంది. కంపెనీ గురించి చెడ్డ వార్త ఏదీ లేదు. గోడౌన్ తగలబడలేదు, సీఈవో రాజీనామా చేయలేదు. అయినా 19 రూపాయలు తగ్గింది. కంగారుపడి 379కి అమ్మేశాను. 630 రూపాయలు పోయాయి. రావలసిన డివిడెండు 600. అంటే బ్రోకర్ ఛార్జీలు కాకుండా 30 రూపాయలు ఎదురిచ్చాను. సరే, ఆ 600 అయినా వెంటనే వస్తుందా అంటే అదీ లేదు. అది ఫైనల్ డివిడెండు. ఆగస్టులో ఏజీఎం జరగాలి, అక్కడ వాటాదారులు ఒప్పుకోవాలి, ఆ తర్వాత 30 రోజుల లోపల ఎప్పుడైనా వేస్తారు. ఈలోగా మెస్ బిల్లుకు 650 తక్కువైంది. రూమ్మేట్ దగ్గర అప్పు తీసుకుని కట్టాను. ఆ డబ్బు తిరిగిచ్చేదాకా వాడు నన్ను "డివిడెండు గారూ, భోజనానికి వస్తారా?" అని పిలిచాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. అక్కకు మాత్రం చెప్పాను.

అక్క అంటే మా పెదనాన్న కూతురు. ఎంఎస్ చేయడానికి స్వీడన్ వెళ్లి అక్కడే గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగంలో చేరింది. మొన్న, అంటే 2025 సంక్రాంతికి, మేమందరం దాచేపల్లిలో ఉన్నప్పుడు వీడియో కాల్ చేసింది. మాకు రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ సాయంత్రం నాలుగే, కానీ కిటికీ బయట చీకటి పడిపోయింది. నాయనమ్మ అరిసెలు చూపించి ఊరించడం అయ్యాక, అక్క నన్ను పక్కకు రమ్మంది.

"ఒరేయ్, నీ మెస్ బిల్లు కథ విన్నాక ఒక పని నీకే ఇవ్వాలనిపించింది. నాకో షీటు చేసిపెట్టు. ఏ కంపెనీ డివిడెండు ఏ తేదీన వస్తుంది, ఎంత వస్తుంది, అంతే."

"దానికి యాప్‌లుంటాయిగా అక్కా?"

"ఉంటాయి. కానీ నాకు ఎంత రావాలో కాదు, ఎంత వచ్చిందో కావాలి. రెండూ ఒకటి కాదు."

ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు.

అక్కకు అది సరదా పని కాదు. ఏప్రిల్ నుంచి పాప కోసం లీవు పెడుతోంది. స్వీడన్‌లో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల లీవు ఇస్తారు కానీ, ఆ రోజుల్లో చేతికొచ్చేది మామూలు జీతం కంటే తక్కువ. ఏ నెలలో ఎంత తక్కువ పడుతుందో ముందే తెలియాలి. రెండో కారణం ఆఖర్న చెప్పింది. "నీ ఫైనలియర్ ఫీజు నేను కడతాను. బాబాయికి ఇప్పుడే చెప్పకు."

చెప్పకుండా ఎలా ఉంటాను! చెప్పేశాను. నాన్న తలెత్తకుండానే "ఆడపిల్ల సొమ్ము మనకొద్దు. కోతలున్నాయిగా" అన్నాడు.

మా ఇంటి సంగతి రెండు ముక్కలు. నాగులేటికి అవతల మాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. మిరప వేస్తాం. మా రోడ్డు మీద రోజంతా సిమెంటు లారీలు తిరుగుతాయి. పిడుగురాళ్ల వైపు సున్నం బట్టీలు, మాచర్ల వైపు 1958 నాటి కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ, మధ్యలో మా మిరప కల్లాలు. నేల కింద రాయి అమ్ముకునేవాళ్లకు నెలనెలా జీతాలొస్తాయి. నేల మీద కాయ అమ్ముకునే మాకు ఏడాదికి రెండు మూడు కోతల మీదే బతుకు.

సెలవుల్లోనే షీటు మొదలుపెట్టాను. నాలుగు వరసలు పెడితే అయిపోతుందనుకున్నాను. కంపెనీ పేరు, తేదీ, షేరుకు ఎంత, ఎన్ని షేర్లు. మొదటి రోజే తేదీ అనే వరస నాలుగు వరసలుగా చీలింది.

మన దేశం సంగతి ముందు చెప్తాను. ఇక్కడ 2023 జనవరి 27 నుంచి అన్ని షేర్లకూ టీ ప్లస్ వన్ సెటిల్‌మెంట్ వచ్చేసింది. అంటే ఇవాళ కొన్న షేరు రేపటి పనిదినానికి మన డీమ్యాట్‌లో పడుతుంది. డివిడెండు ఎవరికివ్వాలో చూసుకోవడానికి కంపెనీ ఒక రోజున పేర్ల జాబితా తీస్తుంది. అది రికార్డు డేట్. ఆ రోజు పొద్దున్నుంచే షేరు డివిడెండు లేకుండా అమ్ముడవుతుంది. అది ఎక్స్ డేట్. టీ ప్లస్ వన్ వచ్చాక ఈ రెండూ ఒకే రోజు పడుతున్నాయి. కాబట్టి అంతకుముందు పనిదినానికల్లా కొనాలి. ఎక్స్ డేట్ నాడు కొన్నవాడికి డివిడెండు రాదు గనక, ఆ మేరకు తక్కువిస్తాడు. నేను 400కి కొన్న షేరు 381కి ఎందుకు దిగిందో ఆ రోజు అర్థమైంది. 20 రూపాయలు కంపెనీ జేబులోంచి నా జేబులోకి రావాల్సి ఉంది గనక, కంపెనీ విలువ ఆ మేరకు తగ్గింది. నాకెవరూ ఊరికే ఇవ్వలేదు.

నాన్నకు ఇది చెబితే కళ్లంలో కాయ తిరగేస్తూ "కాయ కోశాక చెట్టు తేలికవదా మరి? కోసిన కాయా నాదే, చెట్టు మీదున్న కాయా నాదే అంటే ఎట్లా?" అన్నాడు. రీల్ చేసినవాడికి ఈ ముక్క తెలియదు.

స్వీడన్‌లో వరస వేరు. అక్కడ ఇంకా టీ ప్లస్ టూ. యూరప్ అంతా 2027 అక్టోబరు 11 నుంచి టీ ప్లస్ వన్‌కి మారుతుంది. అందుకని ఎక్స్ డేట్ ఒక రోజు, రికార్డు డేట్ ఆ మర్నాడు. సాధారణంగా కంపెనీ మీటింగ్ జరిగిన రోజు దాకా షేరు డివిడెండుతో కలిపే అమ్ముడవుతుంది. మర్నాడు ఎక్స్ డేట్. ఆ తర్వాతి పనిదినం రికార్డు డేట్. అక్కణ్ణుంచి మూడో పనిదినానికి డబ్బు ఖాతాలో పడుతుంది. వోల్వోనే తీసుకోండి. 2025 ఏప్రిల్ 2, బుధవారం మీటింగ్. గురువారం 3న ఎక్స్ డేట్, శుక్రవారం 4న రికార్డు డేట్, మధ్యలో శని ఆదివారాలు పోను బుధవారం 9న డబ్బు. మీటింగ్ అయిన వారానికి డబ్బు చేతిలో ఉంటుంది. మన దగ్గర ఏజీఎం అయ్యాక 30 రోజులదాకా గడువుంది కాబట్టి నేను మెస్ దగ్గర మొహం చాటేసిన రోజులు గుర్తొచ్చి కాస్త కుళ్లుకున్నాను.

ఇంకో తేడా ఉంది. ఆ దేశాల్లో చాలా కంపెనీలు ఏడాదికి ఒక్కసారే పంచుతాయి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వరసగా మీటింగులు, వరసగా డబ్బులు. తర్వాత ఎండాకాలం చెరువులాగా ఖాళీ. కొన్ని మాత్రం వేరు. హెచ్ అండ్ ఎం రెండు ముక్కలు చేసి మేలో ఒకటి, నవంబరులో ఒకటి ఇస్తుంది. డెన్మార్క్‌లోని నోవో నార్డిస్క్ మార్చిలో, ఆగస్టులో ఇస్తుంది. నార్వేలోని ఈక్వినార్ మూడు నెలలకోసారి ఇస్తుంది, అదీ డాలర్లలో ప్రకటిస్తుంది. నోర్డియా బ్యాంకు ఫిన్లండ్‌ది గనక యూరోల్లో ఇస్తుంది. అక్క దగ్గర ఇవన్నీ తలా కాస్త ఉన్నాయి. ఒక్క షీటులో స్వీడన్ క్రోనా, డెన్మార్క్ క్రోన, డాలరు, యూరో. అన్నిటినీ క్రోనాలోకి మార్చాలి, క్రోనాను రూపాయల్లోకి మార్చాలి. అప్పుడు ఒక స్వీడన్ క్రోనా తొమ్మిది రూపాయలకు అటూ ఇటూగా ఉంది.

నేను చేసిన తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం నిజం కాదు.

మొదటి తప్పు పన్ను. షేరుకు ఎంత అని ప్రకటించారో దాన్నే షేర్ల సంఖ్యతో గుణించి "వచ్చే డబ్బు" అని రాశాను. డెన్మార్క్ కంపెనీ డబ్బు పంపే ముందే 27 శాతం పట్టుకుంటుంది. రెండు దేశాల మధ్య ఒప్పందం ప్రకారం 15 శాతమే ఉండాలి. మిగతా 12 శాతం వెనక్కి కావాలంటే డెన్మార్క్ పన్నులవాళ్లకు అర్జీ పెట్టుకోవాలి. అక్క ఖాతా స్వీడన్‌లో 2012లో వచ్చిన ఐఎస్‌కే అనే రకం. అందులో డివిడెండుకు విడిగా పన్నుండదు, ఖాతా మొత్తం విలువ మీద ఏటా కొంత కడతారు. నేను దాన్ని చదివి "పన్ను లేదు" అని రాసేసుకున్నాను. పక్క దేశం ముందే పట్టుకునేది పక్క దేశానిదే అనే సంగతి తట్టలేదు. మన దగ్గర కూడా ఇలాంటిదుంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను తీసుకున్నవాడే కట్టాలి. ఒక కంపెనీ నుంచి ఏడాదికి 10,000 దాటితే పది శాతం టీడీఎస్ కోసి పంపుతారు. ఆ పరిమితి 2025 ఏప్రిల్‌కు ముందు 5,000గా ఉండేది. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం.

రెండో తప్పు పెద్దది. వోల్వో 2025లో షేరుకు 8 క్రోనాలు మామూలు డివిడెండు, దాని మీద 10.50 క్రోనాలు అదనపు డివిడెండు ఇచ్చింది. అక్కకు 200 షేర్లు. మొత్తం 3,700 క్రోనాలు. నేను ఉత్సాహంగా 2026 గడిలో కూడా 3,700 అని నింపాను. ఫార్ములా లాగితే 2030 దాకా 3,700 పడింది. అక్క చూసి గట్టిగా నవ్వింది.

"ఒరేయ్, అదనంగా ఇచ్చింది ఆ ఏడాది మిగులు. అది నాలుగో కోత లాంటిది. పడితే పడింది, లేకపోతే లేదు. నాలుగో కోతను నమ్ముకుని బాబాయి ఎప్పుడైనా అప్పు చేశాడా?"

2026 గడిలో 1,600 అని మార్చి, పక్కన "ఇదీ మాట కాదు, అంచనా" అని రాశాను. డివిడెండు వడ్డీ కాదు. లాభం లేని ఏడాది బోర్డు సున్నా అని కూడా అనొచ్చు.

ఫిబ్రవరి వచ్చింది. మిర్చి రేటు పడిపోయింది. ఇది మీలో చాలామందికి తెలుసు. మా జిల్లా, గుంటూరు, ప్రకాశం వైపు పిల్లలకు మరీ తెలుసు. రెండేళ్ల కిందట క్వింటా 20,000 పలికిన రకాలు సగానికి దిగాయి. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు అని ప్రకటించింది. నాన్న మార్చిలో 40 క్వింటాళ్లు గుంటూరు యార్డుకు తోలాడు. 10,500కి పోయింది. తాలుకాయలు ఇంకా తక్కువకు. మిగిలిన 30 క్వింటాళ్లు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండు తెచ్చి బీరువాలో దాచాడు. ఆ రాత్రి ఫోన్లో నాకు ఏమీ చెప్పలేదు. "తిన్నావా" అని మాత్రం అడిగాడు.

నేను హాస్టల్లో కూర్చుని అక్క షీటు తెరిచి చూసుకున్నాను. ఏప్రిల్, మే నెలల్లో దాదాపు 9,000 క్రోనాలు. రూపాయల్లో 80,000 చిల్లర. నా ఫీజు 60,000. అప్పటిదాకా ఆ షీటు నాకు ఒక ప్రాజెక్టు. ఆ రాత్రి మాత్రం తేదీల వంక చూస్తుంటే వేరేగా అనిపించింది. ఏప్రిల్ 9 అనే గడి నాకు కూడా ఒక తేదీయే.

మే నెలలో ఇంటికి వెళ్లాను. ఎండ మండిపోతోంది. నాయనమ్మ పాత ట్రంకుపెట్టె సర్దుతూ తాతయ్య పుస్తకాలు బయట పెట్టింది. తాతయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడు. 2017 మార్చిలో పోయారు. ఆ పెట్టెలో ఒక పొడుగాటి లెక్కల పుస్తకం దొరికింది. మొదటి పేజీలో ఎర్ర సిరాతో గీతలు కొట్టి, ఆయన గుండ్రటి అక్షరాలతో వరసలు రాసి ఉన్నాయి: తేది, సంస్థ, రావలసిన లాభాంశము, చేరినది, తేడా, కారణము.

డివిడెండును ఆయన లాభాంశము అని రాసుకున్నారు.

నేను నాలుగు నెలలు కిందామీదా పడి కట్టిన షీటును ఆయన 1990ల్లోనే స్కేలు పెట్టి గీసుకున్నారు. ఎక్కడో బొంబాయిలో ఉన్న ఒక కంపెనీ షేర్లు 200 ఆయన పబ్లిక్ ఇష్యూలో తీసుకున్నారు. ఏటా పోస్టులో డివిడెండు వారంటు వచ్చేది. దాన్ని బ్యాంకులో వేసి, డబ్బు పడ్డాక "చేరినది" వరసలో రాసేవారు. ఒక ఏడాది తేడా దగ్గర 60 రూపాయలు, కారణము దగ్గర "వారంటు చిరిగినది, మరల కోరితిని" అని ఉంది. తర్వాతి పేజీలో ఆ 60 చేరినట్టు కూడా ఉంది. ఆఖరి వరస 2016. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

"తాతయ్య పోయాక ఇవి రాలేదా నాయనమ్మా?" అని అడిగాను.

"ఎందుకు రాలేదురా? ఏటా వచ్చేయి. ఆయన పేరు మీద వచ్చిన ఉత్తరం నేనెందుకు చింపుతాను? ఆయన డబ్బాలోనే వేశాను" అంటూ ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి ఇచ్చింది.

డబ్బా నిండా విప్పని కవర్లు. ఒక్కొక్కటీ విప్పాను. వారంట్లు మూణ్ణెల్లకే చెల్లకుండా పోతాయి. అన్నీ ఎప్పుడో గడువు దాటినవే. అడుగున కాదు, అన్నిటికంటే పైన 2024లో వచ్చిన నోటీసు ఉంది. ఏడేళ్లుగా మీరు డివిడెండు తీసుకోలేదు, ఫలానా తేదీలోగా స్పందించకపోతే మీ షేర్లు ఐఈపీఎఫ్‌కు బదిలీ అవుతాయి అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ తేదీ దాటి అప్పటికి ఏడు నెలలు.

2013 కంపెనీల చట్టంలో ఇది ఉంది. ప్రకటించిన డివిడెండు 30 రోజుల్లో చేరకపోతే, మరో ఏడు రోజుల్లో దాన్ని విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేయాలి. అక్కడ ఏడేళ్లు ఎవరూ అడక్కపోతే ఆ డబ్బు కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు పోతుంది. వరసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లు కూడా అటే పోతాయి. కంపెనీ మూణ్ణెల్లు ముందు నోటీసు పంపాలి, పంపింది కూడా. కంపెనీ తప్పేమీ లేదు, అందుకే పేరు రాయడం లేదు. మా డబ్బా తప్పు, ఇంట్లో ఇంజనీరింగు చదువుతూ ఆ డబ్బా ఎప్పుడూ తెరవని నా తప్పు. సరిగ్గా ఆ నోటీసు వచ్చిన రోజుల్లోనే నేను 600 రూపాయల డివిడెండు కోసం మెస్ డబ్బులు పోగొట్టుకున్నాను.

నాయనమ్మకు ఇది చెప్పడం కష్టమైంది. "మనం దాచుకున్నవి గవర్నమెంటోళ్లు తీసుకుపోయారా?" అంది. లేదు, దాచిపెట్టారు, అడిగితే ఇస్తారు అని చెప్పాను. అది నిజం. ఐఈపీఎఫ్‌కు పోయిన షేర్లనైనా, డబ్బునైనా ఐఈపీఎఫ్-5 అనే ఫారం పెట్టి వారసులు వెనక్కి అడగొచ్చు. ఇంకో మంచి సంగతి కూడా తెలిసింది. షేర్లూ, 2017 నాటి డివిడెండూ మాత్రమే ఫండ్‌కు వెళ్లాయి. 2018 నుంచి వచ్చినవి ఇంకా కంపెనీ పక్కన పెట్టిన ఖాతాల్లోనే ఉన్నాయి. ఒక్కో ఏడాదిది ఒక్కో తేదీ. ఈ సెప్టెంబరులో 2018దానికి ఏడేళ్లు నిండుతాయి. అందుకే ఈ ఎండాకాలమంతా నా షీటులో కొత్త పేజీ ఒకటి తెరిచాను. పేరు "నాయనమ్మ".

ఆ పేజీలో వరసలు ఇవి: మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాయనమ్మ పాన్, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు, అసలు షేరు సర్టిఫికెట్లు, పెదనాన్నా నాన్నా ఇచ్చే అంగీకార పత్రాలు. షేరు సర్టిఫికెట్ మీద తాతయ్య ఇంటిపేరు ఒక్క అక్షరంతో ఉంది, మరణ పత్రంలో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరే అని గురజాల వెళ్లి నోటరీ అఫిడవిట్ చేయించాం. నాయనమ్మకు పాన్ కార్డే లేదు. 74 ఏళ్లకు మొదటిసారి ఫోటో దిగి పాన్ తీసుకుంది. కార్డు చూసి "ఇందులో నేను కోపంగా ఉన్నా" అంది. కాయితాలన్నీ జూలైలో రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాయి. జవాబు ఇంకా రాలేదు. 200 షేర్లంటే ఇవాల్టి ధరకు 40,000 దాకా ఉంటుంది. కోట్లు కాదు. కానీ నాన్న క్వింటాకు 10,500 చొప్పున నాలుగు క్వింటాళ్లు కాటా వేస్తే వచ్చే డబ్బు అది.

ఒక రోజు కరెంటు పోయి అందరం వాకిట్లో కూర్చున్నప్పుడు పాతకాలపు డివిడెండు కథ ఒకటి నాన్నకు చెప్పాను. డచ్చివాళ్ల ఈస్టిండియా కంపెనీ 1602లో షేర్లు అమ్మి మొదలైంది. కొన్నేళ్లకే మన మచిలీపట్నంలో కూడా కొట్టు పెట్టింది. ఏళ్లు గడిచినా లాభం పంచడం లేదని వాటాదారులు గొడవ చేస్తే, 1610లో మొదటిసారి ఇచ్చింది డబ్బు కాదు, జాపత్రి. తర్వాత మిరియాలు.

నాన్న చాలాసేపు నవ్వాడు. "అందరికీ ఒకేసారి సరుకిచ్చేస్తే యార్డులో రేటు పడదూ?" అన్నాడు. మళ్లీ ఆయనే కాసేపాగి, "మనకిప్పుడు పడినట్టే" అన్నాడు.

ఆ రాత్రే ఫీజు మాట ఎత్తాను. అక్క పంపిన 60,000 అప్పటికే నా ఖాతాలో ఉన్నాయి. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. నాన్న లేచి లోపలికి వెళ్లి తాతయ్య పుస్తకం తెచ్చాడు. 2016 తర్వాత ఖాళీగా ఉన్న మొదటి వరసలో టార్చి వెలుగులో రాశాడు. తేది దగ్గర ఆ రోజు తేదీ. సంస్థ అనే చోట అక్క పేరు. రావలసినది అనే చోట 60,000. అది మనకు రావలసింది కాదు, అక్కకు రావలసింది. చేరినది అనే గడి ఖాళీ. కారణము అనే చోట "మిర్చి రేటు" అని రాసి, "ఫోటో తీసి దానికి పంపు. ఊరికే తీసుకున్నామనుకుంటది" అన్నాడు.

ఫోటో పంపాను. అక్క ఎంతసేపటికీ జవాబివ్వలేదు. చివరికి ఒక్క మాట వచ్చింది: "తాతయ్య వరస తప్పకుండా రాశాడు బాబాయి."

ఇది చదివే మీలో చాలామంది ఫోన్లలో ట్రేడింగ్ యాప్‌లుంటాయి. డివిడెండు కోసం ఎక్స్ డేట్‌కు ముందు రోజు పరిగెత్తి కొనకండి, నా 650 గుర్తుంచుకోండి. కానీ అంతకంటే ముఖ్యం, ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అలమరాలో, ట్రంకుపెట్టెలో, దేవుడి పటాల వెనక ఏమున్నాయో ఒకసారి చూడండి. పాత షేరు సర్టిఫికెట్, చెల్లని వారంటు, ఎవరూ విప్పని కవరు. తీసుకోని డివిడెండ్ల పేర్లు కంపెనీల వెబ్‌సైట్లలోనే ఉంటాయి. మీ తాతయ్య పేరు కొట్టి చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. మీ డీమ్యాట్ ఖాతాకు నామినీ పేరు కూడా ఇచ్చేయండి. మన తర్వాత మన ఉత్తరాలను డబ్బాలో వేసేవాళ్లు అందరికీ ఉంటారు.

మొన్న ఆదివారం నాయనమ్మ ఫోన్ చేసింది. ఎన్నడూ లేనిది తనే చేసింది. "పోస్టతను కవరొకటి ఇచ్చిపోయాడు. ఆయన పేరే ఉంది" అంది.

"విప్పావా?"

"విప్పాను. ఇంగ్లీషులో ఉంది. వీడియోలో చూపిస్తా, ఏ తేదీలోపో చూడు."